గోడ మీద నీటి గీత

పోయిన నెల ఇదే పేజీలో, మనసుకి తగిలిన దెబ్బ నోటితో చెప్పుకోలేనప్పుడు కాగితం మీద పెట్టి చూడండి అని ఒక్క మాట రాశాను. ఆ ఒక్క మాటకే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. విజయవాడ నుంచి ఎక్కువ, తర్వాత గుంటూరు, తెనాలి. అన్నీ చదివాను, కొన్ని రెండు మూడు సార్లు చదివాను. అయిదింటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను. పేర్లు తీసేశాం. నేను డాక్టర్ని కాదు, గుంటూరులో ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, కాబట్టి మందుల జోలికి వెళ్లను. రాయడం గురించి, రాస్తే లోపల ఏం జరుగుతుందన్న దాని గురించి తెలిసినంత చెబుతాను.

ప్రశ్న: అమ్మా, మాది సింగ్‌నగర్. బుడమేరు వరదలో మా ఇల్లు మునిగింది. మా అత్తగారిని మోసుకుని పై వాటాలోకి వెళ్లాం, మూడు రోజులు అక్కడే ఉన్నాం. వరద తీసిన నెలకి ఆవిడ పోయారు. కుట్టు మిషన్లు రెండూ పాడైపోయాయి. ఇప్పుడు వాన మొదలైతే చాలు, రాత్రంతా లేచి గుమ్మం దగ్గర కాలు పెట్టి తడి ఉందేమో చూస్తుంటాను. మా అమ్మాయి లాంగ్‌బుక్ కొనిచ్చి రాయమంది. "ఆ రోజు నరకం" అని రాసి ఆగిపోయాను. మూడు నెలలైంది, రెండో లైను రాలేదు. నేను టెన్త్ వరకే చదివాను, కవితలు నాకు రావు. నాలాంటి వాళ్లకి రాస్తే తగ్గుతుందా?
(పేరు వద్దు, విజయవాడ)

జవాబు: అమ్మా, ఆ రెండో లైను మీ ఉత్తరంలోనే ఉంది. "గుమ్మం దగ్గర కాలు పెట్టి తడి ఉందేమో చూస్తుంటాను" అన్నారు చూశారా, అదే. అది చదివాక ఆ రాత్రి మా ఇంట్లో నేను కూడా గుమ్మం వైపు చూశాను. "నరకం" అంటే నాకేమీ కనపడలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా నరకం అనే అంటాం కదా. ఆ మాట అందరిదీ అయిపోయింది, దాని వెనక మీ ఇల్లు కనపడదు. మీకు రాత రాక ఆగిపోలేదు, ఆ పెద్ద మాట అడ్డొచ్చి ఆగిపోయారు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ముందురోజంతా కుండపోత. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వెళ్లాయని పేపర్లు రాశాయి, బుడమేరుకి ఎక్కడెక్కడ గండ్లు పడ్డాయో రాశాయి. అది ఊరి లెక్క. మీ ఇంటి లెక్క ఎవరూ రాయలేదు, మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు కూడా. నీళ్లు మొదట ఎక్కడ కనపడ్డాయి, గుమ్మం కిందా, బాత్రూం తూములోంచా? మీరు మొదట ఏది ఎత్తి మంచం మీద పెట్టారు? రెండు మిషన్లలో మీ సొంత సంపాదనతో కొన్నది ఏది? పై వాటాలో మూడు రోజులు మంచినీళ్లు ఎలా పంచుకున్నారు? నీళ్లు తీశాక గోడ మీద ఒక గీత ఉండిపోతుంది, సున్నం వేసినా మళ్లీ తేలుతుంది. అది మీ భుజం దాకా వచ్చిందా, తల దాటిందా? ఇందులో ఒక్కటి పట్టుకోండి చాలు. ఇంకోటి దాని వెనకే వస్తుంది.

ఎలా రాయాలో కూడా చెబుతాను, ఇది నా సొంత కవిత్వం కాదు. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజీ ప్రొఫెసర్, శాండ్రా బీల్ అనే ఆవిడ కలిసి ఒక పరిశోధన అచ్చు వేశారు. కాలేజీ పిల్లల్ని రోజుకి పావుగంట చొప్పున వరసగా నాలుగు రోజులు రాయమన్నారు. కొందరు మామూలు సంగతులు రాశారు, కొందరు తమకి తగిలిన గట్టి దెబ్బ గురించి రాశారు. దెబ్బ గురించి రాసినవాళ్లలో కూడా కొందరు జరిగింది మాత్రమే, కొందరు మనసులోది మాత్రమే, కొందరు రెండూ కలిపి. ఈ రెండూ కలిపి రాసినవాళ్లు ఆ తర్వాత నెలల్లో కాలేజీ ఆసుపత్రికి వెళ్లడం తగ్గింది. కానీ రాసిన రోజున ఎక్కువ బాధపడింది దెబ్బ గురించి మనసులోది రాసినవాళ్లే. ఇది ముందే తెలిసి ఉండాలి, లేకపోతే మొదటి రోజు ఏడుపొచ్చి "ఇది నాకు పడదు" అని పుస్తకం మూసేస్తారు. ఆ తర్వాత ఇలాంటి పరిశోధనలు చాలా వచ్చాయి. 2006లో 146 పరిశోధనల్ని కలిపి చూస్తే మేలు ఉంది గానీ చిన్న మేలే అని తేలింది. కాబట్టి రాయగానే మాయమైపోతుందని నేను మీకు మాట ఇవ్వను. చిన్న మేలైనా మీకు ఇప్పుడు అవసరమే అని మాత్రం అంటాను.

పెన్నెబేకర్ ఇంకోటి కూడా గమనించాడు. ఎవరి రాతలో రోజులు గడిచేకొద్దీ "ఎందుకంటే", "అందుకని", "ఇప్పుడు అర్థమవుతోంది" లాంటి మాటలు పెరిగాయో వాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. అంటే ఒకటే ఏడుపు నాలుగు రోజులూ తిరగరాయడం కాదు, చెల్లాచెదురుగా పడి ఉన్నది ఒక వరసలోకి రావాలి. మీకు కుట్టు తెలుసు కాబట్టి చెబుతున్నా, ముక్కలన్నీ చేతిలోనే ఉన్నాయి, ఏది దేనికి తగులుతుందో చూసుకోవడమే పని. ఇంకొక సంగతి, మీరు వరద గురించి చెప్పినప్పుడల్లా "వెళ్లాం, ఉన్నాం" అన్నారు. "నేను" అన్న మాట వాన రాత్రుల దగ్గరికి వచ్చాకే వచ్చింది. మన ఆడవాళ్లం "మేము"లో దాక్కోవడం బాగా నేర్చుకున్నాం. ఒక్క పేజీ "నేను"తో రాసి చూడండి.

అత్తగారి సంగతి ఒక్క వాక్యంలో దాటేశారు. తొందర లేదు. మిషన్ల గురించి, గోడ గురించి రాసి చెయ్యి అలవాటయ్యాక ఆవిడ దగ్గరికి వెళ్లండి.

నా సంగతి చెప్తాను, మీకు ధైర్యంగా ఉంటుందని. 1996లో మా తమ్ముడు డ్యూటీకి వెళ్తూ చిలకలూరిపేట రోడ్డులో స్కూటర్ ప్రమాదంలో పోయాడు. నేను తెలుగు లెక్చరర్ని కదా, రెండేళ్లు కవితలు రాశాను. రాలిన పువ్వు, ఆరిన దీపం, మూగబోయిన వీణ. సభల్లో చదివాను, చప్పట్లు కొట్టారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు కూడా. నాకు మాత్రం గుండె మీద రాయి కదల్లేదు. ఒక రాత్రి పరీక్ష పేపర్లు దిద్దుతూ దిద్దుతూ ఎందుకో వాడి క్యారియర్ గురించి రాశాను. ఎవరో ఇంటికి తెచ్చి ఇచ్చారు, స్కూటర్ నుజ్జయిపోయింది గానీ క్యారియర్‌కి చిన్న సొట్ట కూడా లేదు. పై గిన్నెలో గోంగూర, కింద పెరుగన్నం. మా అమ్మ మూడు రోజులు దాన్ని కడగనివ్వలేదు. నాలుగో రోజు ఆవిడ నిద్రపోతున్నప్పుడు నేనే పెరట్లో కుళాయి కింద కడిగాను. పులిసిన వాసన. పీచు పెట్టి తోమాను, ఆ గిన్నె అంచుకి వాడి పేరు కొట్టించి ఉంది, అక్షరాల సందుల్లో కూడా తోమాను. ఇది రాసి పడుకున్నాను, పొద్దున్న ఏడింటి దాకా మెలకువ రాలేదు. రెండేళ్లలో అదే మొదటిసారి. ఆ కాగితం ఏ సభలోనూ చదవలేదు.

మీరు కూడా పావుగంట కాగానే మధ్యలో ఉన్నా ఆపేయండి. వెంటనే ఒంటరిగా కూర్చోవద్దు, మొహం కడుక్కుని పక్కింటికి వెళ్లండి, లేదా వంట పని పెట్టుకోండి. పడుకునే ముందు రాయొద్దు, వాన పడుతున్నప్పుడు అసలే వద్దు. రాస్తుంటే ఒళ్లు వణికి మళ్లీ ఆ నీళ్లలోనే ఉన్నట్టు అనిపిస్తే ఆపి వేరే విషయం రాయండి, అది ఓడిపోవడం కాదు. నాలుగు రోజులు రాశాక కూడా వాన రాత్రుల్లో నిద్ర రాకపోతే మానసిక వైద్యుడిని కలవండి. ఇలాంటి దెబ్బలకి రాతతోనే చేసే చికిత్స కూడా ఒకటి ఉంది, డెనిస్ స్లోన్, బ్రయాన్ మార్క్స్ అనేవాళ్లు తయారు చేశారు, అయిదు సిట్టింగులు. 2018లో దాన్ని పన్నెండు సిట్టింగుల చికిత్సతో పోల్చి చూస్తే ఏమీ తీసిపోలేదని తేలింది. అయితే అది శిక్షణ ఉన్నవాళ్ల దగ్గర కూర్చుని చేసేది.

టెన్త్ చదువు చాలమ్మా. స్పెల్లింగులు దిద్దుకోకండి.

ప్రశ్న: మేడమ్, మాది పల్నాడులో ఒక ఊరు. గుంటూరు బ్రాడీపేటలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నా. చిన్నప్పుడు స్కూల్లో మా వాడ పిల్లలకి మంచినీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవాళ్లు. ఒకసారి నేను గ్లాసు ముట్టుకున్నానని అందరి ముందు కొట్టారు. దాని మీద కవితలు రాసి ఫేస్‌బుక్‌లో పెడుతున్నా. "నిప్పు అన్నా" అని కామెంట్లు వస్తాయి. పెట్టిన రాత్రి మాత్రం నిద్ర ఉండదు, ఫోన్ చూస్తూనే ఉంటా. రాస్తే తగ్గాలి కదా, నాకెందుకు పెరుగుతోంది?
(ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: బాబూ, ముందు ఒక మాట. కోపం తగ్గించుకోమని నేను చెప్పను. తప్పు నీది కాదు, ఆ కోపం జబ్బు కాదు. అది న్యాయమైన కోపం, ఉండాల్సిందే. తగ్గాల్సింది నీ నిద్ర మింగేస్తున్నది.

నీ కవితలు రెండు పంపావు, చదివాను. రెండింటిలోనూ అగ్గి ఉంది, గొడ్డలి ఉంది, సూర్యుడు ఉన్నాడు. గ్లాసు లేదు. నీ ఉత్తరంలో ఉన్న గ్లాసు కవితలోకి రాలేదెందుకు? చదివేవాళ్లు నిప్పు అడుగుతున్నారు, నువ్వు నిప్పు ఇస్తున్నావు. వాళ్లకి కావలసినట్టు ఆ రోజుని మళ్లీ మళ్లీ జరిపించుకుంటున్నావు, వాళ్లు లైకు కొట్టి నిద్రపోతారు, నువ్వు మేలుకుని ఉంటావు. నీకు పెరుగుతున్నది రాసినందుకు కాదని నా నమ్మకం, రాసిన మరుక్షణం అందరి ముందు పెట్టి తీర్పు కోసం ఎదురుచూస్తున్నందుకు. అప్పుడు కూడా అందరి ముందే కొట్టారు కదా నాన్నా.

అందుకని రెండు పుస్తకాలు పెట్టుకో. ఒకటి ఎవరికీ చూపించనిది. అందులో ఆ గ్లాసు రాయి. స్టీలుదా, ప్లాస్టిక్‌దా, దాని మీద ఎవరి పేరైనా కొట్టించి ఉందా? కొట్టేటప్పుడు నీ పక్కన కూర్చునేవాడు ఎటు చూశాడు? ఇంటికి వెళ్లి అమ్మకి చెప్పావా, చెబితే ఆమె ఏమంది? అది రాసి కనీసం నెల ఆగు. నెల తర్వాత చదివితే చెయ్యి వణక్కుండా ఉంటే, నీకు నచ్చితే, అప్పుడు రెండో పుస్తకంలోకి దించి లోకానికి ఇవ్వు.

"నేను" అని రాయడం మరీ కష్టంగా ఉంటే ఇంకొకరి నోట పెట్టు. మీ ప్రాంతం మనిషే, 1895లో వినుకొండలో పుట్టిన జాషువా గారు ఆ పనే చేశారు. 1941లో వచ్చిన "గబ్బిలం"లో, గుడి గడప తొక్కనివ్వని మనిషి తన గోడు కాశీలో ఉన్న శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. వెనకటి కావ్యాల్లోలా మేఘాన్ని పంపలేదు, హంసని పంపలేదు. గుడి చూరు పట్టుకుని వేలాడే గబ్బిలాన్ని లోపలికి రావద్దనేవాళ్లు లేరు. నాకు ఆ కావ్యం పాఠం చెప్పిన ప్రతిసారీ అనిపించేది, నేను లోపలికి రాకూడదా అని ఆయన నేరుగా అడిగినా న్యాయమే, కానీ గబ్బిలం అన్న ఒక్క ఊహతో ఆ అన్యాయం మొత్తం గుడి గోడల మీద కనపడుతుంది. నీ కథని ఆ గ్లాసు చెబితే ఎలా ఉంటుందో చూడు. లేదా ఆ రోజు నీళ్లు తోడిన చేద.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, విజయవాడ దగ్గర హాస్టల్‌లో ఉంటుంది. సెలవులకి వచ్చినప్పుడు పుస్తకంలో కవితలు చూశాను. అన్నిటిలో తను లేని ఇల్లు, తను లేని ఉదయం. మా ఆయన "ఈ వయసులో అందరూ ఇలాగే రాస్తారు" అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. అడిగితే పుస్తకం చదివానని కోప్పడుతుందేమో.
(ఒక తల్లి, గుంటూరు జిల్లా)

జవాబు: ఈ తల్లికి అచ్చయ్యే దాకా ఆగకుండా ముందే ఫోన్‌లో చెప్పాం. మిగతా తల్లిదండ్రుల కోసం ఇక్కడ కూడా రాస్తున్నాను. ఇలాంటివి కనపడితే కవిత్వం బాగుందా లేదా అని చూడకండి. పుస్తకం చదివారని పిల్లకి కోపం వస్తే రానివ్వండి, తర్వాత తగ్గుతుంది. పక్కన కూర్చుని సూటిగా అడగండి, "నీకు చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?" అని. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. అడిగినవాళ్లు దొరికారని పిల్లలకి ఊరటగా ఉంటుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, హాస్టల్‌కి పంపకండి, మార్కుల మాట ఎత్తకండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు, నిద్రమాత్రలు తాళం వేసి పెట్టండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416, డబ్బులు కట్టనక్కర్లేదు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో (జీజీహెచ్) మానసిక వైద్య విభాగం ఉంది, మర్నాడే తీసుకెళ్లండి. రాయడం మానేయమని మాత్రం అనొద్దు. ఆ పుస్తకం లేకపోతే మీకు ఈ సంగతి తెలిసేదే కాదు.

ప్రశ్న: పెళ్లికి ముందు నాకు జరిగిన ఒక చెడు అనుభవం గురించి డైరీలో రాసుకునేదాన్ని. మా ఇంట్లో వాళ్లు తీసి అందరి ముందు చదివారు. అప్పటినుంచి పెన్ను పట్టుకుంటేనే చెమటలు పడుతున్నాయి.
(పటమట, విజయవాడ)

జవాబు: చాలా అన్యాయం జరిగింది మీకు. దీనికి నేను పెద్ద ఉపన్యాసం ఇవ్వను. రాసింది దాచుకోవాలన్న నియమం ఏమీ లేదు, మేలు చేసేది రాసే పావుగంట, మిగిలిపోయే కాగితం కాదు. పాత బిల్లు వెనక రాయండి, చింపి స్టవ్ మీద కాల్చి సింకులో నీళ్లు పోసేయండి. చేత్తో రాయడమే భయంగా ఉంటే ముందు పాలవాడి లెక్క, సరుకుల చీటీ, ఇలాంటివి ఒక వారం రాయండి. పెన్ను మళ్లీ మీదవుతుంది. ఆ డైరీ చూపించి ఇంట్లో ఎవరైనా బెదిరిస్తున్నా, చెయ్యి చేసుకుంటున్నా రాత సంగతి తర్వాత, ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. 1977 దివిసీమ ఉప్పెన నాటికి నాకు తొమ్మిదేళ్లు. మా నాన్న నన్ను తుమ్మచెట్టుకి పంచెతో కట్టేశారు, చెల్లిని కట్టే లోపే నీళ్లొచ్చాయి. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం అయిపోయాక ఆటవెలదులు రాయడం నేర్చుకున్నాను, ఇప్పుడు ఇది రాయాలనిపిస్తోంది. ఇంత కాలం తర్వాత కెలకడం మంచిదేనా? పద్యంలో ఇలాంటిది రాస్తే కృత్రిమంగా ఉండదా? మా అక్క ఒక్కతే ఉంది, అవనిగడ్డలో.
(తెనాలి)

జవాబు: అయ్యా, మీరు కెలకడం లేదు, అదే వచ్చి తలుపు తడుతోంది. నవంబరు 19 అని తేదీ చెబితే చాలు, ఆ తీరంలో ఇప్పటికీ మాట ఆగిపోయే ఇళ్లు ఉన్నాయి.

పద్యం కృత్రిమం అన్న మాట నేను ఒప్పుకోను. మా ఊళ్లో చావు జరిగితే ముసలమ్మలు శోకాలు పెట్టేవాళ్లు, మీరూ వినే ఉంటారు. ఊరికే ఏడవరు, రాగం తీస్తారు. పోయినవాడు ఏం తినేవాడు, ఏ పొలం దున్నాడు, ఎవరికి ఏం బాకీ ఉన్నాడు, కోడలు ఎలా చూసింది, అన్నీ వరసపెట్టి చెబుతూ ఏడుస్తారు. చిన్నప్పుడు నాకు అది నాటకంలా అనిపించేది. తమ్ముడు పోయాక తెలిసింది, ఆ రాగం లేకపోతే మనిషి ఊపిరాడక పోతుందని. దుఃఖానికి ఒక పొడవు, ఒక మలుపు, ఊపిరి తీసుకునే చోటు కావాలి. మీ ఆటవెలది నాలుగు పాదాలూ అదే పని చేస్తాయి, నాలుగో పాదం దగ్గర ఎలాగూ ఆగాలి. బెజవాడలో చాలా కాలం ఉన్న విశ్వనాథ సత్యనారాయణ గారు భార్య పోయాక "వరలక్ష్మీ త్రిశతి" రాశారు. త్రిశతి అంటే మూడు వందలు. అంతటి కవికి కూడా ఒక్క పద్యంతో తీరలేదు.

ఒక్కటే భయం నాకు. యతి కుదరడం కోసం జరగనిది రాయొద్దు. "చ"తో మొదలుపెట్టాం కదా అని చంద్రుడిని తెచ్చి పెడతాం, ఆ రాత్రి చంద్రుడు ఎక్కడున్నాడు? తుమ్మ ముళ్లు వీపులో దిగి ఉంటాయి, పంచె తడిసి బిగిసి ఉంటుంది, ఆ ముడి ఎవరు విప్పారు? అది రాయండి. ఆటవెలదికి ప్రాస నియమం కూడా లేదు, యతి కుదరకపోతే ప్రాసయతి వేసుకోవచ్చు, మీకు నేను చెప్పాలా.

నాలుగైదు పద్యాలు అయ్యాక అవనిగడ్డ వెళ్లి అక్కయ్యగారికి చదివి వినిపించండి. ఫోన్‌లో వద్దు. ముందే చెప్పి వెళ్లండి, ఆవిడ వద్దంటే బలవంతం చేయకండి. మీకు తెలియనిది ఆవిడకి ఏదో తెలిసి ఉంటుంది, చెబితే రాసుకోండి.

ఇంకొక్కటి. మీ ఉత్తరం మూడు పేజీలు, నేను రెండు సార్లు వెతికాను, చెల్లెలి పేరు ఎక్కడా లేదు. మొదటి పద్యంలో ఆ పేరు పెట్టండి. యతి కుదరకపోయినా సరే.